చెప్పుల మాస్టారు

ముప్పై ఏళ్లుగా నాటకాలకు లైటింగ్ చేస్తున్న మనిషిని చెప్పుల మాస్టారంటే, ఆయనకు బజార్లో చెప్పుల కొట్టుందనుకుంటారు కొత్తవాళ్లు. అదేం లేదు. నాటకం ఒప్పుకోగానే ఆయన కథ అడగడు. ఎవరెవరు ఏ సీన్లో ఏ చెప్పులు వేసుకుంటారో అడుగుతాడు. దీని వెనక ఆయన అత్తగారున్నారు.

అప్పట్లో, వైర్లు మోసీ మోసీ చివరికి ఆయనకు సొంతంగా లైట్లు అమర్చే అవకాశం వచ్చింది. డైరెక్టరు ముందే చెప్పేశాడు. "ఆఖరి సీన్లో అంతా చీకటి. హీరోయిన్ ముఖం ఒక్కటే కనపడాలి. కనపడలేదా, రేపట్నుంచి మళ్లీ వైర్లు చుట్టుకో."

లైటు గురి చూసుకోవాలంటే ఆ చోట ఒక మనిషి నిలబడాలి. నటులు సాయంత్రానికి గానీ రారు. మధ్యాహ్నం క్యారియరు పట్టుకొచ్చిన అత్తగారే దొరికారు. ఆవిడా హీరోయినూ సరిగ్గా ఒకే ఎత్తు.

"హీరోయిన్ అనుకుని కాసేపు నించోండి, అత్తయ్యగారూ."

"ఉండండి, అల్లుడుగారూ," అని ఆవిడ గ్రీన్‌రూమ్‌లోకి వెళ్లొచ్చారు. ఈలోగా ఆయన హాలు చీకటి చేసి నిచ్చెనెక్కాడు. గుండ్రటి వెలుగులో ఆవిడ ముఖం తప్ప ఏమీ కనపడటం లేదు. ఆ ముఖం కాస్తా ఊగుతోంది.

"కదలకండి, అత్తయ్యగారూ."

"నేనెక్కడ కదిలాను? మీ స్టేజే ఊగుతోంది."

అరగంట నిలబెట్టి, స్క్రూలు బిగించేశాడు.

ఆఖరి సీనుకు హీరోయిన్ వచ్చింది. కాళ్లకు జానెడు ఎత్తు మడమల చెప్పులు. మాస్టారు లైటు బిగించింది అత్తగారి ఎత్తుకు. ఇక వెలుగంతా మెడ మీద పడుతుంది, ముఖం చీకట్లో కలిసిపోతుంది. మనసులో వైర్లు చుట్టుకుంటూనే మీట ఎత్తాడు.

గడ్డం నుంచి నుదుటి దాకా ముఖం నిండుగా వెలిగింది. హాలంతా చప్పట్లు. రెండో వరసలో అత్తగారు మాత్రం వంగి మడమ నొక్కుకుంటున్నారు.

"ఆ చెప్పుల మీద 'ఆఖరి సీను' అని చీటీ ఉంది," అన్నారు ఇంటికొచ్చాక. "ఆ అమ్మాయిలా నించోమన్నారు కదా, వేసుకున్నాను. అబద్ధమెందుకు, ఒక్కసారి వేసుకుని చూడాలని నాకూ ఉంది."

"ఒక్కమాట చెప్పొచ్చుగా?"

"మీకు తెలీకుండా ఉంటుందా అనుకున్నాను."

మర్నాడు పొద్దున డైరెక్టరు ఇంటికే వచ్చాడు. మాస్టారు నేల మీద కూర్చుని, బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి అత్తగారి వాచిన పాదాలు కడుగుతున్నాడు. ఆవిడ సిగ్గుతో ముఖం పక్కకు తిప్పుకుని కూర్చున్నారు.

"వచ్చే నాటకానికీ లైట్లు నువ్వేనయ్యా," అన్నాడు డైరెక్టరు.

"ఒక్క నిమిషం సార్, నీళ్లు చల్లారిపోతాయి," అన్నాడు మాస్టారు, తలెత్తకుండానే.

అత్తగారు మెల్లగా ఇటు తిరిగారు. "ఆ నాటకంలో చెప్పులు ఎంత ఎత్తు, బాబూ?"

ఆ ప్రశ్నే మాస్టారు ఈనాటికీ అడుగుతున్నాడు.