అందాజ నేర్పిన మా ప్లేస్‌మెంట్ సార్

మొన్న బుధవారం పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే మేడమ్ ఫోన్ చేశారు. మేడమ్ అంటే మా ప్లేస్‌మెంట్ సార్ భార్య. పొద్దున చాయ్ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారని చెప్పారు. పెట్టేసే ముందు, "ఏం పరేషాన్ లేకుంట పోయిండమ్మా" అన్నారు. నాకు ఏడుపు కంటే ముందు ఆశ్చర్యం వచ్చింది. పరేషాన్ లేకుండా సార్ చేసిన పని బహుశా అదొక్కటే.

మేడ్చల్ దాటాక రోడ్డు పక్కన ఉండే మా ఎంబీఏ కాలేజీలో ఆయన కామర్స్ లెక్చరర్. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, పిల్లలకు ఉద్యోగాలు చూపించే మనిషి ఒకరుండాలని యాజమాన్యానికి తోచి, ఆ బరువు కూడా ఆయన నెత్తినే పెట్టింది. ఇచ్చిన గది పాత స్టోర్ రూమ్. విరిగిన బల్లల మధ్య ఒక టేబులు, దాని మీద తాళం వేసిన ఫోను. తాళంచెవి ప్రిన్సిపాల్ దగ్గర ఉండేది. అందుకని సార్ ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కు వెళ్లి బేగంపేట, సోమాజిగూడ కంపెనీలకు ఫోన్ చేసేవారు. ఫైనాన్స్ కంపెనీలు, కన్సల్టింగ్ కంపెనీలు. మేడ్చల్ ఎక్కడుంది అని అవతలివాళ్లు అడిగేవారట. బూత్‌లోంచి బయటికి వచ్చేసరికి ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయి ఉండేది.

ప్లేస్‌మెంట్ ఆఫీసర్ అంటే మీకు టై కట్టుకుని, పిల్లలకు ధైర్యం నూరిపోసే మనిషి గుర్తొస్తాడేమో. మా సార్ దగ్గర ధైర్యం స్టాకు ఉండేది కాదు. ఇంటర్వ్యూ మాకైతే కంగారు ఆయనది. సర్టిఫికెట్లు తెచ్చుకున్నావా అని మూడుసార్లు అడిగి, నాలుగోసారి తానే ఫైలు విప్పి చూసేవారు. భయంతో వరండాలో అటూ ఇటూ తిరిగే పిల్లల్ని పట్టుకుని, "భయపడు, తప్పేం లేదు. గని కూసొని భయపడు" అనేవారు. అని, తాను మాత్రం లేచి తిరిగేవారు.

బయోడేటాలు ఆయన పెన్సిల్ పట్టుకుని చదివేవారు. మేడ్చల్‌లో అందరం ఒకే డీటీపీ సెంటర్‌లో కొట్టించుకునేవాళ్లం. అక్కడి ఫ్లాపీలో ఒకే బయోడేటా ఉండేది. సెంటర్ అతను పేరు మార్చి అందరికీ అదే ఇచ్చేవాడు. అందువల్ల మా బ్యాచ్‌లో ముప్పై మందిమీ 'డైనమిక్' మనుషులం, ముప్పై మందికీ స్టాంపులు సేకరించే అలవాటు. సార్ ప్రతి లైను కిందా పెన్సిల్ ఆనించి ఒకటే అడిగేవారు, "గిది నీదేనా?" అని. మాది కానిదంతా కొట్టేస్తే చాలామంది కాగితాల మీద పేరు, మార్కులు మాత్రమే మిగిలేవి. అప్పుడు సార్ ముఖంలో దిగులు చూడాలి. మా తండ్రులు కూడా అంత దిగులుపడి ఉండరు.

ఆదివారం ప్రార్థన అయ్యాక కౌకూర్‌లో సార్ వాళ్ల చర్చి పక్కనున్న పిల్లల బైబిల్ క్లాసు గదిలో మాకు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టేవారు. అక్కడున్నవన్నీ చిన్నపిల్లల కుర్చీలు. మోకాళ్లు గడ్డానికి తగిలేవి. ఆ కుర్చీలో కూర్చుని మాట్లాడగలిగినవాడు ఎక్కడైనా మాట్లాడతాడని ఆయన నమ్మకం. నేను మాత్రం అక్కడ కూడా మాట్లాడలేకపోయాను.

శామీర్‌పేట చెరువు కట్ట మీద ఆదివారం సాయంత్రం ఎన్ని బండ్లు ఆగుతాయి? ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న అది. కన్సల్టింగ్ కంపెనీల వాళ్లు ఇలాంటివే అడుగుతారట. తెలియదు సార్ అన్నాను. మేడ్చల్‌లో రోజుకు ఎన్ని చాయ్‌లు అమ్ముడుపోతాయి? తెలియదు సార్. అలా వరసగా ఏడెనిమిది. మా బడుల్లో జవాబు వస్తే చెప్పాలి, రాకపోతే తలొంచుకుని నిలబడాలి. ఈ రెండింటికీ మధ్య ఇంకొకటి ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. సార్ ప్రశ్నలు ఆపి, నా బయోడేటాలో తండ్రి వృత్తి ఉన్న లైను మీద పెన్సిల్ పెట్టారు. అక్కడ 'అగ్రికల్చర్' అని ఉంది. నీదేనా అని ఆయన ఇంకా అడగకముందే నాకు ఏడుపొచ్చేసింది.

మాది అత్వెల్లి. మాకు సెంటు భూమి లేదు. మా బాపు అంగూరు తోటలు, అదే ద్రాక్ష తోటలు, గుత్తకు పట్టేవాడు. కాయ పచ్చిగా ఉన్నప్పుడే తోట చూసి, ఎంత దిగుతుందో చెప్పి, మొత్తం పంట మాట్లాడుకునేవాడు. ఈ పనిని ఇంగ్లీషులో ఏమనాలో నాకు తెలియలేదు. తెలిసినా రాసేదాన్ని కాదేమో, సిగ్గు. పైగా అప్పటికే మా వైపు తోటలు ఒక్కొక్కటిగా కొట్టేసి ప్లాట్లు చేస్తున్నారు. బాపుకు ఏటేటా పని తగ్గిపోతోంది. ఇంటికి పెద్దదాన్ని నేనే. నాకు ఉద్యోగం రాకపోతే మా ఇంట్లో ఇక ఎవరికీ పనుండదు.

ఇదంతా విన్న సార్ అడిగింది ఒక్కటే, బాపు ఎలా చెప్తాడు అని. చూసి అందాజ చేస్తాడు సార్ అన్నాను. ఆ మాట వినగానే ఆయన చిన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కుర్చీ కూడా ఆయనతోపాటే లేచింది.

తర్వాతి వారమే నోటుబుక్కు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆ రోజు బాపు లాల్‌గడి మలక్‌పేట్‌లో ఒక తోట చూడాల్సి ఉంది. ముగ్గురం వెళ్లాం. పందిరి కింద వంగి నడుస్తూ బాపు చెప్తుంటే, మా లెక్చరర్ గారు క్లాసులో మొదటి బెంచీ పిల్లాడిలా రాసుకున్నారు. తోటంతా లెక్కపెట్టే పని లేదు. నడుమ ఒక వరస పట్టుకోవాలి. నాలుగు చెట్ల గుత్తులు లెక్కబెట్టి, ఒక గుత్తి చేత్తో ఎత్తి బరువు చూడాలి. దాన్ని వరసలకు పెంచాలి. పిట్టలకు, వానకు కొంత తీసెయ్యాలి.

"గట్టు వరస మాత్రం పట్టొద్దు సార్" అన్నాడు బాపు. "దానికి ఎండ మస్తు తాకుతది, కాయ ఎక్కువుంటది. దాన్ని జూసి తోటంత గట్లనే అనుకుంటే మునుగుతం."

సార్ రాయడం ఆపి నా వైపు చూశారు.

"వాళ్లడిగేది గిదే బిడ్డా. మీ బాపు రోజు జేసేదే. ఇగ తెల్వదనకు, అందాజ జెప్పు."

బేగంపేటలోని ఒక కన్సల్టింగ్ కంపెనీ మా కాలేజీ నుంచి ఒక్కరిని పిలుస్తామంది. సార్ నా పేరు పంపారు. తోడు రావద్దు సార్, నేను వెళ్తాను అంటే సరే అన్నారు. ఆ రోజు పొద్దున మేడ్చల్ స్టాండులో బస్సెక్కి చూస్తే నాకంటే ముందే ఎక్కి కూర్చుని ఉన్నారు. బోయిన్‌పల్లి దాటాక ఉన్నట్టుండి తన సంగతి చెప్పడం మొదలుపెట్టారు. చదువైపోయిన ఏడాది ఆయన ఒక బ్యాంకు ఆఫీసరు ఉద్యోగానికి చివరి ఇంటర్వ్యూ దాకా వెళ్లారట. మీ ఊరు ఇక్కడికి ఎంత దూరం అని అడిగారట. సుమారుగా తెలుసు. కానీ సరిగ్గా తెలియదు కదా అని నోరు తెరవలేదు. ఆ తర్వాత అడిగిన వేటికీ నోరు పెగల్లేదు. మళ్లీ ఏ ఇంటర్వ్యూకూ పోలేదు.

"గప్పటిసంది గా ఇంటర్వ్యూ రూంలనే కూసున్న బిడ్డా. ఇంక బయటికి రాలే" అన్నారు.

ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లకు దారిలో ఎవరైనా చెప్పే కథేనా ఇది? అప్పటిదాకా ఎలాగో పట్టుకున్న గుండె కాస్తా జారిపోయింది. అది ఆయనకూ అర్థమై, ఇప్పుడెందుకు చెప్పానురా అని తనను తానే తిట్టుకుంటూ బస్సు దిగారు. గేటు దగ్గర ఫైలు ఐదోసారి చూశారు. వాచ్‌మన్ ఆయన్ని లోపలికి రానివ్వలేదు.

లోపల ముగ్గురున్నారు. నడుమ కూర్చున్న పెద్దాయన అడిగాడు, ఈ నగరంలో కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు ఎంతమంది? తెలియదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాను. మా వీధి తలుచుకున్నాను. ఇద్దరు ముసలివాళ్లకు తప్ప ఎవరికీ అద్దాలు లేవు. అలా లెక్క మొదలుపెట్టబోయి ఆగిపోయాను. నగరానికి మా వీధి గట్టు వరస. దాన్ని పట్టుకుంటే మునుగుతాం. నడుమ వరస ఏది? రోజూ నేనెక్కే సికింద్రాబాద్ బస్సు గుర్తొచ్చింది. సీట్లు ఎన్ని, అందులో అద్దాలున్న ముఖాలు ఎన్ని, బస్సెక్కని పిల్లలు, ముసలివాళ్లు ఎంతమంది. నా ఇంగ్లీషు కుంటుతూనే ఉంది, కానీ ఆగలేదు. చివర్లో కంగారులో 'ఎస్టిమేట్' అనే మాట ఎటో పోయింది. "దిస్ ఈజ్ మై అందాజ, సార్" అనేశాను.

ముగ్గురూ తలెత్తి నా వైపు చూశారు. అయిపోయింది అనుకున్నాను. పెద్దాయన ఉత్తరాది మనిషి. ఆ మాట ఆయనకు నాకంటే బాగా తెలుసు. పెదవుల్లో నవ్వుతూ, ఇది ఎవరు నేర్పారు అని హిందీలో అడిగాడు. బయోడేటాలో అగ్రికల్చర్ లైను సార్ అప్పటికే కొట్టేయించారు. దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. మా బాపు పని, పందిరి, గుత్తులు, పిట్టల వాటా అంతా చెప్పాను. వాళ్లు మరో అరగంట అడిగారు. బయట గంటసేపు కూర్చోబెట్టి, మళ్లీ పిలిచి ఉద్యోగం కాగితం చేతిలో పెట్టారు.

ఇప్పుడు నేను టేబుల్‌కు అవతలి వైపు కూర్చుంటున్నాను. ఎదురుగా ఉన్న పిల్లలకు నోరు పెగలకపోతే, మీ నాన్నగారు ఏం చేస్తారు, ఎలా చేస్తారు అని అడుగుతాను. చాలామందికి మాట వస్తుంది. రానివాళ్లు వెళ్లిపోయాక ఆ రోజంతా నాకు పని మీద మనసు నిలవదు. వాళ్లు కూడా ఆ గదిలోనే ఉండిపోతారేమోనని భయం. ఈ భయం సార్ నుంచి వచ్చిందే. ఇది పోకూడదనే నా కోరిక.

ఆ రోజు కాగితం పట్టుకుని గేటు బయటికి వచ్చాను. మిట్టమధ్యాహ్నం. సార్ రోడ్డుకు అవతల, ఒక కాంపౌండు గోడ దగ్గర నిలబడి ఉన్నారు. గేటుకు వీపు పెట్టి, ముఖం గోడకు తిప్పుకుని. మూడు గంటలుగా అలాగే నిలబడ్డారని వాచ్‌మన్ చెప్పాడు. నేను ఎలాంటి ముఖంతో బయటికి వస్తానో చూసే ధైర్యం లేదన్నమాట. రోడ్డు దాటి వెళ్లి వెనక నుంచి సార్ అని పిలిచాను. భుజాలు ఒక్కసారి కదిలాయి. తిరగలేదు. ఒక చేయి గోడకు ఆనించుకున్నారు.

"ఇటు మర్లమంటవా, బిడ్డా?" అని గోడనే అడిగారు.

"మర్లుండ్రి సార్" అన్నాను.