ఏడాది చప్పిడి కూడు

మా ఊళ్ళో ఎవరికి ఏ రోగమొచ్చినా ముందు కారాన్నే తిడతారు. చుట్టూ మిరప చేలే మరి. నా కూతురికి ఐదేళ్ళప్పుడు దొడ్డికి వెళ్ళాక రక్తపు చుక్కలు పడ్డాయి. నొప్పి లేదంది. "వేడి చేసిందే, కారం మాన్పించు," అంది మా అత్తగారు. బళ్ళో పాఠాలు చెప్పే టీచర్ని నేను, అయినా ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా మాన్పించాను.

పెరుగన్నం, సబ్జా నీళ్ళు, మజ్జిగ. మేమంతా గోంగూర పచ్చడి కలుపుకుంటుంటే అది చప్పిడి కూడు ముందు కూర్చుని మా కంచాల వంక చూసేది. మళ్ళీ రక్తం కనబడితే చాలు, "ఏమే, దొంగతనంగా పచ్చడి నాకావా?" అని వీపు మీద ఒక్కటిచ్చేదాన్ని. "లేదమ్మా, ఒట్టు," అని ఏడ్చేది. నమ్మితేగా!

ఊళ్ళో ఆర్‌ఎంపీ మొలలన్నాడు, పూతమందు ఇచ్చాడు. అద్దంకిలో ఒక డాక్టరు మాత్రం వేలితో పరీక్ష చేసి చూడాలన్నాడు. "ఆడపిల్లండీ, అక్కడ వేలేమిటి?" అని పిల్లను లాక్కుని బస్సెక్కాను. పరువు కాపాడానని ఆ రోజు మురిసిపోయాను కూడా. ఛీ, ఏం తల్లిని!

తర్వాత రక్తం కనబడలేదు. తగ్గిందనుకున్నాను. కానీ ఏడాది తిరిగేసరికి పిల్ల పాలిపోయింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. గుంటూరు తీసుకెళ్ళాను. పిల్లల సర్జన్ ఒకావిడ. నన్ను వదిలేసి, దొడ్డికి వెళ్తే రక్తం పడుతోందా అని దాన్నే అడిగింది.

"రోజూ వస్తుందండీ. అమ్మ కొడుతుందని గబగబా నీళ్ళు పోసేస్తాను," అంది నా కూతురు.

ఆవిడ గ్లవ్ తొడుక్కుని వేలితో చూసింది. నిమిషం పట్టలేదు. "పాలిప్ అమ్మా. లోపల కాడకి వేలాడే చిన్న కండ. పిల్లల్లో మామూలే. తీసేస్తే పోతుంది. కారానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు."

మర్నాడు మత్తిచ్చి, ఇంకేమైనా ఉన్నాయేమోనని గొట్టంతో లోపలంతా చూసి, ఆ ఒక్కదాన్నీ తీసేశారు. పరీక్షకు పంపితే భయం లేదని వచ్చింది. రక్తం పట్టడానికి ఐరన్ సిరప్ రాశారు. ఇంతే! దీనికి ఏడాది చప్పిడి కూడూ, తన్నులూ తింది నా బిడ్డ.

నెల తర్వాత మళ్ళీ చూపించడానికి వెళ్ళాం. "ఇప్పుడు రక్తం వస్తోందా తల్లీ?" అని అడిగింది డాక్టరు. రోజూ నేనే దగ్గరుండి చూస్తున్నాను, చుక్క కూడా లేదు. అయినా పిల్ల మాత్రం ముందు నా మొహంలోకి చూసింది. కుర్చీలో కాస్త పక్కకు జరిగి, నా చెయ్యి అందనంత దూరం వెళ్ళాక, "లేదండీ," అంది.