గులకరాళ్ల మీద మూలుగు

నాగావళి ఒడ్డు పార్కులో గులకరాళ్ల బాట ఒకటి ఉంది. మహా అయితే ముప్ఫై అడుగులు. చెప్పులు విడిచి దాని మీద నడిస్తే ఒంట్లో రోగాలన్నీ అరికాళ్లలోంచి దిగిపోతాయని పక్కనే బోర్డు. పొద్దున ఆరింటికి వెళ్లి చూడండి, శ్రీకాకుళం పెద్దమనుషులంతా ప్యాంట్లు ఎగ్గట్టి, మొహాలు వంకర్లు తిప్పుతూ నిప్పుల గుండం తొక్కుతున్నట్టు కనిపిస్తారు.

వాళ్లందరిలోకీ బ్రహ్మాండంగా మూలిగేవాడు నరసింగరావు. "అబ్బా... ఓలమ్మో..." అని అతను మూలుగుతుంటే, బెంచీ మీద కూర్చున్న భార్య తాయారు మొహం వెలిగిపోతుంది. మొగుడు మూలిగితే మురిసిపోయే ఇల్లాలా అని నవ్వకండి. సంగతుంది.

నరసింగరావు ముప్ఫయ్యేళ్లు నౌపడ ఉప్పు మడుల్లో పనిచేశాడు. నీళ్లు పెట్టేముందు మడి నేలను కాళ్లతో తొక్కి గట్టి చేయాలి. ఆ తొక్కుడులో అతన్ని మించినవాడు లేడు. కాలికి మంట తెలిసినన్నాళ్లూ కొత్తవాడు, తెలియడం మానేస్తేనే పనివాడు. అక్కడివాళ్ల లెక్క అది. అందుకే నలభయ్యో ఏట అరికాళ్లు మొద్దుబారితే నరసింగరావు గర్వపడ్డాడు. ముల్లు దిగినా తెలియడం లేదంటే తోటివాళ్లు సెబాసన్నారు. ఉప్పు ఇచ్చిన బిరుదనుకున్నారే తప్ప, షుగరు చేస్తున్న పని అని ఒక్కరికీ తోచలేదు. తోచేసరికి ఎడమకాలి చిటికెనవేలు పోయింది. "ఇంకో పుండు పడితే కాలే దక్కదు. చెప్పుల్లేకుండా గడప దాటకు" అన్నాడు డాక్టరు.

మడులు మానేసి శ్రీకాకుళంలో ఒక అపార్టుమెంటుకి వాచ్‌మన్‌గా చేరాడు. మూడో అంతస్తులో ఉండే తిరుమలరావు, బ్యాంకులో రిటైరైన పెద్దమనిషి, మంచివాడే, "డాక్టర్లకేటి తెలుసోయ్! మూడు నెలలు రాళ్ల మీద నడు, స్పర్శ దానంతటదే వస్తాది" అని పార్కుకి లాక్కొచ్చాడు. నరసింగరావు ఈ సంగతి డాక్టరుకి చెప్పలేదు.

మొదటి వారం ఏమీ రాలేదు. బాట దిగగానే తాయారు ఎదురొచ్చేది.

"తగిలిందేటి మావా?"

"లేదే."

"కూసింతైనా?"

"లేదంటన్నాను కదే!"

ఇంటిదాకా ఆమె మొహం వేలాడేసుకునే నడిచేది. ఎనిమిదో రోజు, ఆ మొహం మళ్లీ చూడలేక, నరసింగరావు బాట మధ్యలో ఆగి "అబ్బా" అన్నాడు. తాయారు ఏడ్చేసింది. గేటు దగ్గర బెల్లం జీళ్లు కొని వాకింగు జనానికంతటికీ పంచింది, మొగుడికి తప్ప.

ఒకసారి అన్నాక మానడం ఎలా? పైగా ఎక్కడ అనాలో తెలియాలి. తిరుమలరావు వెనకే నడుస్తూ, ఆయన ఏ రాయి మీద మూలిగితే తనూ ఆ రాయి మీదే, కాస్త గట్టిగా మూలిగేవాడు. ఆయన విజయనగరం కూతురింటికి వెళ్లిన రోజున మాత్రం ఆసామీకి తాళం తప్పింది. బాట దిగి సిమెంటు మీదకొచ్చాక కూడా రెండు "అబ్బా"లు పడ్డాయి.

పార్కు ఊడ్చే ధనలక్ష్మి చీపురాపింది. "ఏటి మావా, సిమెంటు కూడా గుచ్చుతాదేటి?"

"నీకేటి తెలుసు? కొత్తగా వచ్చిన నొప్పి. దానికింకా తేడా తెల్దు."

తాయారు పగలబడి నవ్వింది. వేలు తీసేశాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు కోసం మూడు నెలలు మూలిగాడతను. ఎప్పుడైనా తాయారు చూడకుండా అరికాలిని గోటితో గిచ్చుకునేవాడు. ఎవరి కాలో గిచ్చినట్టుండేది.

మొన్న ఆదివారం సాయంత్రం ఎవరో ఆ బాట మీద సీసా పగలగొట్టి పోయారు. సోమవారం పొద్దున నరసింగరావు ఎప్పటిలాగే తిరుమలరావు వెనక, ఎక్కడా పొల్లు పోకుండా మూలుగుతూ చివరిదాకా వెళ్లాడు. వెనక ధనలక్ష్మి కేకేసింది. తిరిగి చూస్తే, తెల్లరాళ్ల మీద బాట మధ్యనుంచి ఎర్రటి మచ్చలు.

"ఎవలిదే ఆ నెత్తురు?" అన్నాడు నరసింగరావు.

అందరూ తన కాళ్లకేసి చూస్తుంటే అర్థమైంది.

"నొప్పెడతన్నాదేటోయ్?" అని అడిగాడు తిరుమలరావు.

"సానా నొప్పి బాబూ" అంటూ నరసింగరావు కుడికాలు పట్టుకున్నాడు.

గాజుముక్క ఎడమకాల్లో ఉంది.

తాయారు బెంచీ మీంచి లేచి వచ్చింది. తిట్టలేదు. మొగుడి భుజం మీది తువ్వాలు తీసి కాలికి చుట్టింది. తిరుమలరావు బూట్లు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ధనలక్ష్మి ఆటో పిలిచింది.

ఆసుపత్రికి వెళ్తుంటే తాయారు ఆ కాలిని ఒళ్లో పెట్టుకుని పైన కొంగు కప్పింది. కొంగు కింద చేతులు పెట్టింది.

"ఇప్పుడు ఏ యేలు పట్టుకున్నాను, సెప్పు మావా."

నరసింగరావు ఆమె మొహంలోకి చూశాడు. అక్కడేమీ దొరకలేదు. చెప్పకపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు.

"బొటనేలు" అన్నాడు గట్టిగా.

"అవును. బొటనేలే" అంది తాయారు.

వంతెన మలుపులో ఆటో గతుకులో పడి ఎగిరింది. కొంగు జారింది. తాయారు చేతులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని, కాలికి జానెడు దూరంలో ఉన్నాయి.

నరసింగరావు వంగి, జారిన కొంగు అందుకుని, మళ్లీ కాలి మీద కప్పాడు.