బావగారి ల్యాప్‌టాప్‌లో నాన్న మాటలు

మా అక్క భర్తను పైకి బావగారూ అంటాను, మనసులో సర్వాంతర్యామి అంటాను. తను రాసిన ప్రోగ్రామ్ ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ సిస్టమ్‌లోనైనా నడుస్తుందని ఆయన గొప్ప. తిన్న కంచం సింకు దాకా మోసుకెళ్ళడం చేతకాని ఆ మనిషి, ఎవరి సాయమూ లేకుండా తమ కాళ్ళ మీద తామే నిలబడే అప్లికేషన్ల గురించి భోజనాల దగ్గర ఉపన్యాసాలిస్తాడు. అక్క వడ్డిస్తూ తల ఊపుతుంది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాదు. ఆయనకు కావలసిందీ అదే.

నాన్న సిటీ బస్సు కండక్టర్‌గా రిటైరయ్యాడు. ఉద్యోగమంతా నోటితోనే చేశాడు. పక్షవాతం వచ్చాక కుడి పక్కతో పాటు మాట కూడా పడిపోయింది. అన్నీ తెలుస్తాయి, నోరే పెగలదు. ఆస్పత్రిలో స్పీచ్ థెరపీ చూసే మేడమ్, ఇలాంటివాళ్ళకు కంప్యూటర్‌లో బొమ్మలు నొక్కి మాట్లాడడం నేర్పుతుంది. ఆమె దగ్గర ఒక్క చోటే ఖాళీగా ఉంది.

"సోమవారం తీసుకురండి. తనంతట తాను బొమ్మ నొక్కి జవాబు చెబితే చేర్చుకుంటాను. మా ప్రోగ్రామ్‌కి మన భాష రాదు. మీవాళ్ళెవరైనా చేసిస్తే మంచిది" అంది.

"మీ బావ ఉండగా మనకేం దిగులు?" అంది అక్క.

బావ చేశాడు, కాదనను. తెర మీద నీళ్ళ గ్లాసు, కిటికీ, నొప్పెడుతున్న కాలు, మంచం. బొమ్మ నొక్కితే గొంతు పలుకుతుంది. ఆ గొంతు ఎవరిదనుకున్నారు? ఆయనదే. స్పష్టత తన గొంతులోనే ఉంటుందట. ఇంట్లో, ఆయన ల్యాప్‌టాప్ మీద, నాన్న ఎడమచేతి వేలితో గ్లాసు నొక్కాడు. "నాకు దాహంగా ఉంది" అని బావ గొంతు వినిపించింది. నాన్న నవ్వాడు. నవ్వు ఒక పక్కకే వచ్చింది గానీ, అది నవ్వే. ఆ పూట బావ మీద నాకు కాస్త ప్రేమ కూడా పుట్టింది. నిలవలేదు.

సోమవారం ఆస్పత్రికి ఆయన పెన్‌డ్రైవ్ ఒక్కటే పట్టుకుని దిగాడు.

"ల్యాప్‌టాప్ ఏది బావగారూ?"

"దాంతో పనేముంది? కంప్యూటర్లలో ఉండే మూడు రకాల సిస్టమ్‌లకీ మూడు ఫైళ్ళు తయారుచేశాను. ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. డబుల్ క్లిక్ చేస్తే చాలు."

"వేరే కంప్యూటర్‌లో వేసి చూశారా?"

"మూడు సిస్టమ్‌లలోనూ చూశాను" అన్నాడు. మందుల షాపు కౌంటర్లో పనిచేసే నాలాంటిదానికి ఇవన్నీ ఎందుకన్న చూపొకటి నా మీద పారేశాడు.

మేడమ్ క్లిక్ చేసింది. తెర మీద నల్ల పెట్టె ఒకటి మెరిసి మాయమైంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే. బావ మౌస్ లాక్కున్నాడు. మిగతా రెండు ఫైళ్ళూ అసలు తెరుచుకోనే లేదు. నాన్న మాత్రం వేలు చాపి, బొమ్మలెప్పుడొస్తాయా అని తెర వైపే చూస్తున్నాడు.

"పోనీ, నేను ఆటోలో వెళ్ళి ల్యాప్‌టాప్ తెస్తాను" అన్నాను.

"అక్కర్లేదు. ఇది రెండు నిమిషాల పని."

ఆ రెండు నిమిషాలు నాన్నకిచ్చిన సమయం మొత్తాన్నీ మింగేశాయి. "మీ కంప్యూటర్‌లోనే ఏదో తేడా ఉందండీ. మా ఇంట్లో బ్రహ్మాండంగా నడుస్తుంది" అన్నాడు చివరికి.

"ఆయన నేర్చుకోవాల్సింది ఇక్కడ కదండీ" అంది మేడమ్. బయట చక్రాల కుర్చీలో తన వంతు కోసం చూస్తున్నాయనను లోపలికి పిలిచింది. చోటు ఆయనకే దక్కింది. నాన్న ఇంకా వేలు దించలేదు. నేనే పట్టుకుని దించాను.

సంగతేమిటో తర్వాత బావ నోటినుంచే వచ్చింది. మూడు సిస్టమ్‌లనూ ఆయన ఒకే ల్యాప్‌టాప్‌లో తెరిచి పరీక్షించాడు. తన గొంతును మూడూ ఆ ల్యాప్‌టాప్‌లో దాచిన ఫోల్డర్ నుంచే తెచ్చుకున్నాయి. పెన్‌డ్రైవ్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కింది, గొంతు ఇంట్లో ఉండిపోయింది; అది దొరక్కే ఆస్పత్రిలో ప్రోగ్రామ్ నిలవలేదు. తన ఇంట్లో గదులు మారి లోకమంతా చుట్టొచ్చాననుకున్నాడు మహానుభావుడు.

"ఆ గొంతు కూడా ఫైల్లో కలిపేయొచ్చుగా?" అన్నాను.

"అది చవకబారు పద్ధతి. మొత్తం మొదటినుంచీ కొత్తగా రాస్తున్నాను."

ఇప్పటికీ రాస్తూనే ఉన్నాడు. అందుకని మా నాన్నకు మాటలు, అక్కాబావలు మా ఇంటికొచ్చే ఆదివారం మాత్రమే, బావ బ్యాగులో వస్తాయి. నాన్న పొద్దుటి నుంచీ గుమ్మం వైపే చూస్తుంటాడు. అల్లుడి మీద బెంగ అనుకుంటుంది అక్క. నాకు ఒళ్ళు మండుతుంది.

మొన్న ఆదివారం కొత్త ప్రోగ్రామ్ ఎంత గొప్పగా రాబోతోందో బావ చాలాసేపు వివరించాడు. నాన్న వేలు గ్లాసు దాటి, కిటికీ దాటి, మంచం మీద ఆగింది. నొక్కాడు.

"నాకు నిద్ర వస్తోంది. ఇక మీరు వెళ్ళండి" అంది బావ గొంతు.

"చూశావా, ఎంత స్పష్టంగా ఉందో" అని బావ మురిసిపోయి, ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టి జిప్పు లాగాడు. నాన్న ఎడమచెయ్యి చాపి ఆ బ్యాగు పట్టీ పట్టుకున్నాడు.

"ఇందులో నా ఆఫీసు పనుంది మామయ్యా" అంటూ బావ ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీశాడు.

మెట్లు దిగుతూ అక్క అంది, "చూశారా, మిమ్మల్ని వదల్లేకపోతున్నారు నాన్న."