టెండరమ్మ, కొసరు మేస్త్రి

వీధి చివర జిరాక్సు కొట్టు పైన, ఇనప మెట్లెక్కితే వచ్చే ఒంటి గదిలో కూర్చునే ఆవిడను అందరూ టెండరమ్మ అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. కరెంటు బిల్లుకు తప్ప దాని అవసరం ఇంతవరకూ ఎవరికీ పడలేదు. ఒకప్పుడు తండ్రిగారి టైపు స్కూలు నడిపింది. అర్జీలు టైపు చేయించుకోవడానికి వచ్చే చిన్న వ్యాపారులను చూసి చూసి ఆవిడకొక సంగతి బోధపడింది. వీళ్లు పని చేతకాక కాదు, సర్కారు అడిగే తీరు అంతుపట్టక కాంట్రాక్టులు పోగొట్టుకుంటున్నారు. కాలక్రమాన టైపు మిషన్లు పాత ఇనుములో కలిశాయి, ఆవిడ మిగిలింది. అప్పట్నుంచీ చీపుళ్లు కట్టేవాళ్లను, దుప్పట్లు కుట్టేవాళ్లను, గేట్లు వెల్డింగు చేసేవాళ్లను టెండరనే మహాసముద్రం దాటించడమే ఆవిడ వృత్తి.

కొందరు కొండల్ని చూసి నోరు తెరుస్తారు. టెండరమ్మ టెండరు పత్రాన్ని చూసి తెరుస్తుంది. పిల్లలు కూర్చునే ఒక బెంచీ గురించి నలభై పేజీలు రాయగలిగిన బుర్ర ఎంతటిదో కదా అని ఇన్నేళ్ల తర్వాత కూడా ఆవిడకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ భక్తిలోంచి పుట్టిన సూత్రాన్నే పెద్ద అక్షరాలతో గోడకెక్కించింది: ‘అడిగింది ఇవ్వు. అడగనిది ఇవ్వకు.’

ఒకరోజు సరిగ్గా ఆ సూత్రం కిందికే వచ్చి కూలబడ్డాడు వడ్రంగి మేస్త్రి. పక్కన ఆయన భార్య. పోయినసారి బడి బెంచీల టెండరులో ఆయన పంపిన నమూనాను తిప్పి పంపారు. నేరమేమిటంటే, బెంచీ కింద పుస్తకాల సంచీ పెట్టుకోవడానికి ఒక అర ఉండటం. ఇప్పుడు బెంచీలకు మళ్లీ టెండరు పిలిచారు.

“పిల్లలకి పనికొస్తుందని కొసరుగా వేశానమ్మా. తక్కువిస్తే తప్పుగానీ, ఎక్కువిస్తే తప్పేంటి?” అన్నాడు మేస్త్రి.

“తప్పే మేస్త్రీ గారూ. కొసరు కూరల కొట్లో చెల్లుతుంది. అందరూ ఒకే బెంచీ తెస్తేనే కదా ఎవరి ధర తక్కువో తేలేది? మీరు అర వేసుకొస్తే దాన్ని దేంతో పోలుస్తారు?”

“ఈయనకది జబ్బు అక్కయ్యా,” అంది భార్య. “మా ఇంటికి తలుపు బిగించడానికొచ్చి, మా నాన్న కుర్చీ, మా అమ్మ పీట కూడా బాగుచేసి పోయాడు. ఆ కొసరు లెక్కలోనే నేనూ వచ్చాను.”

“ఊరుకోవే.”

“ఊరుకుంటే ఎలా? ఈసారీ పోతే కొట్టు మూసి ఫర్నిచరు ఫ్యాక్టరీలో కూలికి పోవాలి. వాళ్లు కబురు కూడా పెట్టారు.”

మేస్త్రి ఒళ్లో ఉన్న పనిముట్ల సంచీని కాస్త దగ్గరికి లాక్కున్నాడు.

మర్నాడు టెండరమ్మ ఆయన కొట్టుకే వెళ్లింది. రంపపు పొట్టు మధ్య స్టూలేసుకుని, తీర్పు చదివే జడ్జిలా ఒక్కో పేజీ చదివింది. ఒక్కో మాటకూ మేస్త్రి టేపు పట్టి చూపించాడు.

“మూలలు గుండ్రంగా తీశారేం? అడిగారా?”

“అడిగారమ్మా. ఇందాక మీరే చదివారు.”

ఆవిడ వెనక్కి తిప్పి చూసుకుంది. అడిగారు. గొంతు సవరించుకుని ముందుకు సాగింది. చివరికి అర దగ్గరికి వచ్చారు. అలవాటు కొద్దీ ఈసారి కూడా వేసేశాడు మహానుభావుడు! దాన్ని ఊడదీస్తుంటే ఆయన మొహం చూడలేక ఆవిడ పత్రంలోకి తల దూర్చింది.

“ఇంకే కొసరూ లేదు కదా?”

“కంటికి కనిపించేదేం లేదమ్మా.”

ఆ జవాబు ఆవిడకు నచ్చింది.

నమూనాలు చూసే రోజున ఆఫీసు వెనక రేకుల షెడ్డులో బెంచీలన్నీ ముద్దాయిల్లా వరసగా నిలబడ్డాయి. ఇంజనీరు గారు టేపుతో ఒక్కోదాన్నీ కొలుస్తూ, అడుగున చెయ్యి పెట్టి మేకులు తడుముతూ వస్తున్నారు. పక్క బెంచీ దగ్గర చెక్క పేడు గుచ్చుకుని వేలు నోట్లో పెట్టుకున్నారు. తర్వాత మేస్త్రి బెంచీ. పొడవు సరిపోయింది. ఎత్తు, మందం సరిపోయాయి. చెయ్యి అడుగుకు వెళ్లి అక్కడే ఆగింది. మళ్లీ ఆ చివరిదాకా వెళ్లి వచ్చింది. ఇంజనీరు గారు వంగి తల కిందికి పెట్టి మరీ చూశారు.

టెండరమ్మ చప్పున మేస్త్రి వైపు తిరిగింది. దొరికింది కొసరు!

“అడుగున కూడా నున్నగా చిత్రిక పట్టారా?”

“పట్టానండి.”

“ఎందుకూ?”

“పిల్లల చేతులు ఊరికే ఉండవు కదండీ. పాఠం వింటూ బెంచీ కింద తడుముతూ ఉంటారు.”

ఇంజనీరు గారు పేడు గుచ్చుకున్న వేలిని చూసుకున్నారు. పత్రం తిరగేసి, మందం ఇంకోసారి కొలిచారు. “కొలత తప్పలేదు. పట్టొద్దని ఎక్కడా రాయలేదు,” అని కాగితం మీద ‘సరి’ అని గీశారు.

అంతా వెళ్లాక టెండరమ్మ కొంగు దోపుకుని బెంచీ పక్కన చతికిలబడి అడుగున చెయ్యి పెట్టింది. గాజు పలకలా ఉంది. ఎవరూ ఎప్పటికీ చూడని చోటు. నలభై పేజీలు రాసిన ఆ మహా బుర్ర కూడా ఇక్కడిదాకా రాలేదు. ఆవిడ చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు. టెండరు పత్రం చూసినప్పటి జలదరింపే, కాకపోతే ఈసారి అరచేతిలోంచి మొదలైంది.

వారం తిరక్కుండా ధరల కవర్లు విప్పారు. సరి అనిపించుకున్నవాళ్లలో మేస్త్రి ధరే తక్కువ. ఆవిడ గదిలో ఆ కబురు విని ఆయన కొయ్యబారిపోయాడు.

“ఎనిమిది వందల బెంచీలు మేస్త్రీ గారూ! పలకరేం?”

“ఎనిమిది వందలకీ అడుగున చిత్రిక పట్టాలని లెక్కేసుకుంటున్నాడు అక్కయ్యా,” అంది భార్య నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ.

“అది ఎవరూ అడగలేదయ్యా!” అంది టెండరమ్మ, గోడ మీది సూత్రం సాక్షిగా.

మేస్త్రి అప్పటికే సంచీ భుజానికి తగిలించుకుని లేచాడు.

“వాళ్లకేం తెలుసు అడగడానికి? చిన్నపిల్లలు కదమ్మా.”