గడ్డి బండి బ్రేకు మీద కాలు

తాతయ్య గడ్డి బండి తోలే వీడియో పెట్టమని మీరిద్దరూ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నారు. ఒకసారి వాన పడుతోందన్నాను, ఒకసారి పెట్రోలు లేదన్నాను. ఇంక దాటేయడం ఈ అమ్మమ్మ వల్ల కావడం లేదు నాన్నా. ఆయన మిద్దె మీద పడుకున్నారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను, వినండి.

మేం చూసుకునే ఫంక్షన్ హాలు మీకు గుర్తుంది కదా, వినుకొండ రోడ్డు మీద. చుట్టూ మిరప చేలు, మధ్యలో మన హాలు, దాని ముందు పచ్చిక. పెళ్ళివాళ్ళు ఫొటోలు దిగడానికని యజమాని ముచ్చటపడి పెంచాడు. పొలం కౌలుకిచ్చేశాక తాతయ్య అక్కడ పనికి ఒప్పుకున్నది ఆ బండిని చూసే. చిన్న ట్రాక్టరులా ఉంటుంది, కింద పొట్ట దగ్గర గడ్డి కోసే కత్తి తిరుగుతుంది. పత్తిలో, మిరపలో వయసంతా ట్రాక్టరు తోలిన మనిషికి మళ్ళీ స్టీరింగు చేతికొచ్చింది. ఆ బండెక్కిన రోజు ఆయన మొహం మీరు చూసుండాల్సింది.

అది ఎక్కగానే కదిలే బండి కాదు. ముందు పచ్చికంతా ఏరాలి. పెళ్ళి మర్నాడు ఏముంటాయో మీకేం తెలుసు! పందిరి మేకులు, లైట్ల తీగ ముక్కలు, జడ పిన్నులు, గులకరాళ్ళు. అవి కత్తి కింద పడితే ఎవరి కంట్లోకి ఎగురుతాయో చెప్పలేం. ఇద్దరం వంగి ఈ చివర నుంచి ఆ చివరకు ఏరేవాళ్ళం. తర్వాత ఆయన ఆయిల్ చూసుకునేవారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే పెట్రోలు పోసేవారు, వేడి మీద పోస్తే భగ్గుమంటుందని. నన్ను దూరంగా వెళ్ళి నిలబడమనేవారు. అప్పుడు చెప్పులు విప్పి, స్టీరింగు తాకి కళ్ళకద్దుకుని ఎక్కేవారు.

ఆ చెప్పుల దగ్గరే నా బాధ. మెకానిక్ బండి అప్పగించిన రోజే గట్టి బూట్లు వేసుకోమన్నాడు. "లక్ష్మీదేవి మీదకి బూట్లేసుకుని ఎక్కుతావట్రా?" అని వాణ్ణే కసిరారు. మన వైపు రైతులు చాలామంది అంతే, ట్రాక్టరు మీద చెప్పుకాలు పెట్టరు. కానీ తాతయ్యకు షుగరు. అరికాళ్ళు మొద్దుబారిపోయాయి. ఒకరోజు ఆయన మడమలోంచి చిల్లకంప ముల్లు లాగాను. ఎప్పుడు దిగిందో ఆయనకే తెలీదు. "ముల్లా? ఎక్కడే?" అన్నారు. ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా తిరగొద్దని డాక్టరు చెప్పాడు. ఇంట్లో వేసుకునేవారు. బండెక్కేటప్పుడు విప్పేవారు. నేనెంత చెప్పినా వినలేదు.

ఆ రోజు సాయంత్రం ఎవరిదో రిసెప్షను ఉంది. పొద్దున్నే ఏరడం అయిపోయింది, ఎండెక్కే వేళకి ఆయన ఎక్కి కూర్చున్నారు, తాళం తిప్పారు. ఉలుకూ లేదు పలుకూ లేదు. మళ్ళీ తిప్పారు. ఏమీ లేదు. గుంటూరు మెకానిక్‌కి ఫోన్ చేసి స్పీకరులో పెట్టమన్నారు.

"బాబాయ్, కత్తి ఆపే ఉందా?"

"ఆపే ఉందిరా."

"సీట్లో కూర్చున్నావా? కింద నిలబడి తాళం తిప్పితే అది పలకదు, అలిగిన పెళ్ళికూతురే."

"సీట్లోనే కూర్చున్నాను. నీ నెత్తిన కూర్చోలేదు."

"బ్రేకు తొక్కావా? పూర్తిగా తొక్కాలి."

"ఇందాకటి నుంచి తొక్కుతూనే ఉన్నానురా. ఇంకా తొక్కితే పాతాళానికి పోతుంది."

"అయితే బ్యాటరీ అయ్యుంటుంది. మధ్యాహ్నం వచ్చి చూస్తాలే."

ఫోన్ పెట్టేశాక నేను దగ్గరికి వెళ్ళాను. ఆయన మొహం చెమట్లు పట్టి ఉంది. కాలి నరాలు ఉబ్బి ఉన్నాయి, అంత గట్టిగా తొక్కుతున్నారు. తొక్కుతున్నది బ్రేకుని కాదమ్మా, దాని పక్కన కాలు ఆనించుకునే రేకుని.

ఆ బండికి ఉన్నది ఆ ఒక్క పెడలు. దాన్ని తొక్కితేనే స్టార్టవుతుంది, పరిగెత్తే బండి దాన్ని తొక్కితేనే ఆగుతుంది. నేను చెప్తే ఆయన చేతిలోంచి ఆ స్టీరింగు పోతుంది. చెప్పకపోతే ఏ గోడకో, ఏ మనిషికో కొడతారు. మెకానిక్ వచ్చి పదిమందిలో బయటపెడితే ఆయన తల ఎత్తుకోలేరు. అక్కడ నేను తప్ప ఇంకెవరూ లేరు.

"ఏవండీ, కాలు కాస్త ఇటు పెట్టండి," అన్నాను.

"ఎటు?"

"కొంచెం ఎడంపక్కకి."

ఆయన వంగి చూసుకున్నారు. చాలాసేపు అలాగే చూశారు. "తాళం తీసేయండి" అన్నాను. తీశారు. నేను కింద కూర్చుని, ఆయన కాలు రెండు చేతులతో ఎత్తి బ్రేకు మీద పెట్టాను. ఎండకి ఆ ఇనుము నా వేళ్ళకి చురుక్కుమంది. ఆయన కాలు కదల్లేదు. లేచి దూరంగా జరిగాక, "ఇప్పుడు తిప్పండి" అన్నాను.

తాళం పెట్టి తిప్పగానే ఇంజను అందుకుంది. మామూలుగా అయితే ఆ చప్పుడు వినగానే ఆయన గడ్డి వైపు తిరిగేవారు. ఆ రోజు నా వైపే చూశారు.

"కాలు దాని మీదే ఉందా?" అని అరిచారు.

"ఉంది!"

గేరు వేయలేదు. కాలు పైకెత్తారు. నా మొహం మీంచి చూపు తిప్పకుండా మళ్ళీ దింపారు.

"ఇప్పుడు?"

కాలు మళ్ళీ రేకు మీదే ఉంది. ఉందని అనేయడం ఎంత తేలిక! ఆయన గేరు వేసుకుని వెళ్ళేవారు, నేను అక్కడ నిలబడి దేవుడికి మొక్కుకునేదాన్ని.

"చెప్పవే. ఉందా?"

"లేదండి."

కాలు మళ్ళీ ఎత్తారు, మళ్ళీ దింపారు. ఈసారి దవడ బిగించి, కళ్ళు మూసుకుని దింపారు. కళ్ళు తెరవకుండానే తల ఊపి అడిగారు. లేదన్నాను. ఎదురుగా కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటు గాలికి ఇటు వచ్చి నా కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఏడుస్తున్నాననుకుంటారేమోనని కొంగుతో తుడుచుకుంటూ నిలబడ్డాను. నిజంగా ఏడుస్తున్నానో లేదో నాకూ తెలీలేదు.

ఆయనే తాళం తిప్పి ఇంజను ఆపేశారు.

"దిగండి, కాఫీ పెడతాను," అన్నాను. దిగలేదు. యజమానికి మనమే చెబుదామా అని అడిగాను. భుజం మీద చెయ్యి వేయబోయి, ఎందుకో వేయలేక తీసేసుకున్నాను. యాభై ఏళ్ళ కాపురంలో ఆ మనిషిని ఎలా ఓదార్చాలో తెలియకపోవడం అదే మొదటిసారి.

చివరికి, "ఆ మెకానిక్‌కి ఫోన్ చేసి రానక్కర్లేదని చెప్పు. బ్యాటరీ బాగానే ఉందని చెప్పు," అన్నారు.

చేశాను. బండి స్టార్టయిందని, బ్యాటరీ బాగానే ఉందని చెప్పాను.

"మరి ఏమైంది పిన్నీ?" అన్నాడు మెకానిక్.

ఆయన స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని అక్కడే కూర్చుని వింటున్నారు. కాలి సంగతి చెప్పాలా వద్దా అని ఆయన మొహమే చూస్తూ, నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయాను. "పిన్నీ, వినపడుతోందా?" అని వాడు అటునుంచి అడుగుతూనే ఉన్నాడు.