చైనా ఓడలు రాలేదని చెప్పాను

ఇది మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా. పన్నెండేళ్లుగా మోస్తున్నాను, ఇవాళ మీ ముందు దించుతున్నాను. ముందు వినండి, తిట్టడం తర్వాత సంగతి.

నందిగామలో ఓ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సు. చైనా, పాశ్చాత్య దేశాల చరిత్ర పేపరు నాదే. పాఠమంటే మా దగ్గర నోట్సు చెప్పడం. ఆ నోట్సు కూడా నాది కాదు, నా మేష్టారు నాకు చెప్పింది. అంచులు చిరిగితే ప్లాస్టిక్ కవరు వేశాను గాని ఒక్క వాక్యం మార్చలేదు. ‘చైనీయులు దిక్సూచి కనిపెట్టినా సముద్రం దాటే సాహసం చేయలేదు’ అన్నది అందులో ఒక వాక్యం. పిల్లలు అదే రాసేవారు. పేపర్లు దిద్దే మేమూ అదే నోట్సు చదివి వచ్చినవాళ్లం. ఇక తప్పని చెప్పేదెవరు?

కెజియా చెప్పింది. చెవిటికల్లు అమ్మాయి, అమ్మానాన్నలు కూలికి వెళ్లేవారు. చరిత్రలోనే ఎం.ఏ. చేయాలని పట్టుదల. ఇంటర్నల్ పరీక్షలో నా వాక్యానికి బదులు నాలుగు పేజీలు రాసింది. పోర్చుగీసువాళ్ల కంటే ఎన్నో ఏళ్ల ముందే చైనా ఓడలు కాలికట్ రేవుకి వచ్చాయని, ఆ తర్వాత ఆగిపోయింది భయంతో కాదు, వాళ్ల పాలకులు వద్దనుకోవడం వల్లనని. ఇరవైకి నాలుగు వేశాను. పేపరు పట్టుకుని స్టాఫ్‌రూముకి వచ్చింది.

“సార్, లైబ్రరీ బుక్కులో ఉందండి. పేజీ నంబరు కూడా రాసా.”

“నోట్సులో ఉందా?”

“లేదండి. అందుకే అడుగుదామని వచ్చా.”

“ఎం.ఏ.లో కూడా ఇలాగే సొంత కవిత్వం రాస్తావా? నీకు హిస్టరీ పడదమ్మా. బీఎడ్ చేసుకో.”

పక్కనున్న లెక్చరర్లు నవ్వారు. ఆమె “సరేనండి” అని, పేపరు నా బల్ల మీదే వదిలి వెళ్లిపోయింది.

అసలు సంగతి ఇక్కడుంది. తెలియక చేసిన తప్పయితే ఇన్నేళ్లు మోసేవాణ్ణి కాదు. ఆ సాయంత్రమే లైబ్రరీకి వెళ్లాను. సిలబస్‌లో ఉన్న పుస్తకమే, నేనెన్నడూ తెరవలేదు. ఆమె రాసిన పేజీలో ఆమె చెప్పినట్టే ఉంది. మార్కుల లిస్టు ఇంకా నా సొరుగులోనే ఉంది, దిద్దడానికి నిమిషం చాలు. ఎందుకు దిద్దలేదు? మా మేష్టారి మీద గౌరవమా? కాదు, అలా అనుకుని చాలాకాలం నన్ను నేనే మభ్యపెట్టుకున్నాను గాని, నిజానికి ఆ నవ్విన నలుగురి ముందు మర్నాడు తలవంచాల్సి వస్తుందని సిగ్గు. అంతే. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని లిస్టు పంపేశాను. అప్పట్నుంచి ఏటా ఆ వాక్యం దగ్గరికి రాగానే కాస్త తొందరగా చదివేస్తాను.

మొన్న సాయంత్రం కెజియా చిల్లకల్లులో బస్సెక్కి నా పక్కన కూర్చుంది. తనే పలకరించింది. అక్కడి బడిలో సోషల్ టీచరట.

“మీరు చెప్పినట్టే బీఎడ్ చేసానండి,” అంది, ఏ నిష్ఠూరమూ లేకుండా. “మా పిల్లలు చైనా ఓడల బొమ్మలు భలే వేస్తారు సార్. కాలికట్ వచ్చినవి.”

ఆమె దగ్గర ఆ ఓడలు ఏటా వస్తున్నాయి. నా దగ్గర ఇంకా రాలేదు. “మంచిదమ్మా” అన్నాను. జగ్గయ్యపేట వచ్చింది, దిగిపోయాను. అప్పుడూ చెప్పలేదు, చూశారా!

మర్నాడు క్లాసులో ఆ వాక్యం కొట్టేయించాను. ఎందుకో కూడా చెప్పాను, ఏదీ దాచకుండా. తర్వాత వెనక బెంచీ అమ్మాయి లేచి, ఆ పాలకులు ఓడలు ఎందుకు వద్దనుకున్నారని అడిగింది. నాకు పూర్తిగా తెలియదు, చదివి చెబుతానన్నాను. ఆ మాట క్లాసులో అనడం నాకదే మొదలు. ఆమె ఏదో రాసుకుంది. నాకెంత సంతోషమేసిందో!

కెజియా పేపరు నా దగ్గరే ఉంది. రోజూ దాటిపోయే చిల్లకల్లులో రేపు దిగుతాను. బడి వేళకే వెళ్తాను. ఆనాడు నవ్వింది నలుగురిలో కదా, చెప్పడం కూడా నలుగురిలోనే చెప్పాలి. ఆమె ఏమంటుందో తెలియదు. పోయిన ఎం.ఏ. నేను తెచ్చివ్వలేను. క్షమించమని అడిగే మొహమూ లేదు. ఆమె పిల్లల ముందు నిలబడి ఇంతే చెబుతాను: ఓడలు వచ్చాయి. మీ టీచరు ఆ మాట నాకెప్పుడో చెప్పింది. నిజమని తెలిసి కూడా నేను తప్పు కొట్టాను.